నాలుగు చక్రాలూ లాగితే చాలదు

హైదరాబాదు నుంచి కొత్త ఫోర్ బై ఫోర్ బండి వేసుకుని, జనవరిలో మనాలి, సిస్సు, సోన్‌మార్గ్ అంటూ బయలుదేరే కుర్రాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. బండి ఖరీదు చెప్తారు, సన్‌రూఫ్ చూపిస్తారు. మంచులో టైర్లకు కట్టే చైన్లు ఉన్నాయా నాయనా అంటే, ‘ఫోర్ బై ఫోర్ కదా అంకుల్, అవసరం లేదు’ అంటారు. ఆ మాట వినలేకే ఇది రాస్తున్నాను.

మా గిద్దలూరు వైపు నుంచి మిలిటరీకి వెళ్ళినవాళ్ళు చాలామంది. నేనూ 1980ల్లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా శ్రీనగర్–లేహ్ రోడ్డు మీద పనిచేశాను. శక్తిమాన్ లారీ, జోంగా, నిస్సాన్ వన్ టన్ను మా బండ్లు. మూడూ జబల్‌పూర్‌లో తయారైనవే, మూడింటికీ నాలుగు చక్రాల లాగుడు ఉండేది. అయినా ఒక్క ఉస్తాదు కూడా మాకు దాన్ని నమ్ముకోమని చెప్పలేదు.

నమ్ముకోమన్నది పరేడ్లను. పొద్దున ఇంజను తిప్పకముందే ఫస్ట్ పరేడ్: ఆయిలు, నీళ్ళు, బ్యాటరీ, ఫ్యాన్ బెల్టు, టైర్లు, బండి కింద కారుడు మరకలు. దారిలో ఆగిన ప్రతిచోటా హాల్ట్ పరేడ్: హబ్బుల మీద చెయ్యి పెట్టి వేడి చూడాలి, చక్రాల నట్లు చూడాలి. సాయంత్రం లాస్ట్ పరేడ్. ఎంత అలసిపోయినా ట్యాంకు నిండా నింపిగానీ పడుకోకూడదు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై డీజిల్లో కలుస్తుంది, ఆ నీరే పొద్దున పైపులో గడ్డకడుతుంది. ఈ కారణాలన్నీ మాకు విప్పి చెప్పేవారు, చెప్పాక పరీక్ష పెట్టేవారు. ఇప్పుడు లక్షలు పోసి బండి కొన్నవాడికి ‘ఫోర్ లో’ అనే తక్కువ గేరు ఎప్పుడు వేయాలో చెప్పే నాథుడు లేడు. అమ్మినవాడు తాళం చేతిలో పెట్టి దండ వేసి పంపుతున్నాడు.

ఆ లేహ్ రోడ్డు మీది ద్రాస్‌లో రాత్రి అంటే ఏమిటో చూసినవాడికే తెలుసు. కూలెంట్ దొరకని బండ్లకు ఇంజను ఆపగానే రేడియేటర్ కింద కాక్ విప్పి నీళ్ళన్నీ వదిలేసేవాళ్ళం. మరిచిపోతే తెల్లారేసరికి నీరు మంచై, ఉబ్బి, ఇనుప బ్లాకునే పగలగొడుతుంది. డీజిల్లోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోయేది. దానికి కిరోసిన్ కలిపేవారు. సివిల్ లారీల వాళ్ళు చాంబర్ కింద మంట పెట్టి ఆయిలు కరిగించుకునేవారు. అందులో ఎంత ప్రమాదముందో వాళ్ళకూ తెలుసు, వేరే దారి ఉండేది కాదు.

అప్పటి తిప్పలు మళ్ళీ రావాలని కోరుకునేవాణ్ణి కాను. 2019 నవంబరులో లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ చలికాలపు డీజిల్ తెచ్చింది, మైనస్ 33 డిగ్రీల్లోనూ అది పారుతుంది. మంచి పని. కానీ మన వాళ్ళు ట్యాంకు నింపుకునేది చండీగఢ్‌లోనో జమ్ములోనో. మైదానాల్లో అమ్మే డీజిల్ చలికాలంలో 6 డిగ్రీల వరకు ఫిల్టరులోంచి దిగితే చాలు, ప్రమాణం అడిగేది అంతే. అదే డీజిల్‌తో మైనస్ 15లో రాత్రంతా బండి నిలబెట్టి, పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ చంపుకుంటారు. బ్యాటరీకి మాత్రం చలి లేదా? మైనస్ 18 దగ్గర దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. పాత బ్యాటరీ అయితే ఇంట్లో ఉండగానే మార్చుకోవాలి.

కూలెంట్ సంగతీ అంతే. సగానికి సగం కలిపితే మైనస్ 35 దాకా ఆగుతుంది. మన ఊళ్ళ షెడ్లలో తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోస్తూ పోతారు. నాలుగేళ్ళకు రంగు మిగులుతుంది, మందు మిగలదు. మన ఎండకు అది సరిపోతుందేమో, సిస్సు ఉన్న లాహౌల్ లోయ చలికి ఇంజను పగులుతుంది. అద్దాలు కడిగే నీళ్ళకూ గడ్డకట్టని మందు కలపాలి. కొత్త డీజిల్ బండ్లలో పోసే యూరియా ద్రవం మైనస్ 11కే గడ్డకడుతుంది. బండిలో దానికి హీటరు ఉంటుంది కానీ, ముందుగా పుస్తకం చదువుకుని వెళ్ళాలి.

ఇక అసలు విషయం. నాలుగు చక్రాలూ లాగడం బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. నాలుగు చక్రాలకూ బ్రేకులు మామూలు కారుకూ ఉన్నాయి. పైగా లాగుడు బాగుండేసరికి రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకు తెలియదు. ఆ ధీమాతో వేగం పెంచుతాడు, మొదటి వంపు దిగుడులో తెలుస్తుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని మాకు నూరిపోశారు. బరువంతా ఇంజను పట్టాలి, బ్రేకు మీద పాదం ఈకలా ఆనాలి. ఎండ తగలని మలుపుల్లో, వాగునీరు రోడ్డు దాటేచోట తారు రంగులోనే గాజులాంటి మంచు ఉంటుంది. దాని మీద పట్టు ఇచ్చేది టైరు, చైను. మన టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ గట్టిపడుతుంది. చలికాలపు టైర్లు లేనివాడికి చైన్లే గతి. వీలైతే నాలుగు చక్రాలకూ కట్టాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు, తారు తేలగానే విప్పేయాలి. మధ్య డిఫరెన్షియల్ లేని బండిని పొడి తారు మీద ఫోర్ బై ఫోర్‌లో తిప్పితే మలుపుల్లో గేర్లు బిగుసుకుని నలుగుతాయి. దాన్నీ పట్టించుకోరు.

రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, తడికి అంటుకుపోతుంది. గేరులో పెట్టి చక్రాలకు రాళ్ళు వేయండి. పొద్దున ఆ రాళ్ళు తీసి పక్కన పడేయండి. వదిలేసి పోయిన రాయి వెనకొచ్చే మోటారుసైకిలు వాడి ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు దారులు సులువయ్యాయి. మనాలి నుంచి లాహౌల్ వెళ్ళడానికి 2020 నుంచి 9 కిలోమీటర్ల అటల్ సొరంగం ఉంది. మా కాలంలో నెలల తరబడి మూసి ఉండే, లేహ్ రోడ్డు మీది జోజీలా కనుమను 2025లో సరిహద్దు రోడ్ల సంస్థ 32 రోజులకే తెరిచింది. వాళ్ళకు దండం పెట్టాలి. కానీ కొండ మీద చలి తగ్గించే సొరంగం లేదు. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని ముర్రీలో మంచులో చిక్కిన కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోతే విషవాయువు లోపలికే వస్తుంది. చిక్కుకుంటే ముందు పారతో పొగగొట్టం చుట్టూ తవ్వండి, అద్దం కొంచెం దించండి, ఇంజను కాసేపే నడపండి.

చైన్లు కొన్నాక మీ ఇంటి ముందే, చేతికి తొడుగులు వేసుకుని, ఒకసారి కట్టి విప్పి చూడండి. దారిలో పోలీసు ఆపి వెనక్కి పొమ్మంటే వాదించకుండా తిరిగిరండి.