పోలీసంటే ప్రాణం

మా ఏ.ఎస్. రావు నగర్‌లో అందరికీ పోలీసంటే ప్రాణం. షరతు ఒక్కటే, ఆ ప్రాణం ముందే పోయి ఉండాలి.

అక్టోబరు 21 దగ్గరపడగానే వీధి మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. ‘పోలీసు అమరవీరులకు జోహార్లు’. అందులో ముప్పాతిక భాగం జోహార్లు చెప్పే నాయకుడిదే. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, మణికట్టుకు వేలెడు మందం గొలుసు. ఆయన చుట్టూ అనుచరుల తలకాయలు ద్రాక్షగుత్తిలా. అమరవీరుడు మాత్రం అడుగున, ఓ మూల, ఆధార్ కార్డు ఫొటో అంత. ఒక్కోసారి అదీ ఉండదు. ఏ వీరుడో వెతికే తీరిక లేక ఓ టోపీ బొమ్మ దించి అతికిస్తారు. టోపీకైతే కుటుంబం ఉండదు, వేదిక మీదికి పిలిచే పనీ ఉండదు.

సభ ఆరింటికి, ముఖ్య అతిథి ఏడున్నరకు. ఈలోగా రోడ్డు మూసుకుపోకుండా నలుగురు కానిస్టేబుళ్లు ఈలలు ఊదుతూ నిలబడి ఉంటారు. పోయిన పోలీసులకు దండ వెయ్యాలన్నా బతికున్న పోలీసు బందోబస్తు కావాలి! మంచినీళ్ల సీసాలు వేదిక దిగి రావు.

అతిథిగారు మైకు అందుకుని, చైనా యుద్ధంలో మన సైనికులు... అని మొదలెడతారు. యుద్ధం జరిగింది 1962లో. ఈ సంస్మరణ దినానికి కారణమైన సంగతి 1959 నాటిది. అక్టోబరు 20న లదాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ నుంచి గస్తీకి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మర్నాడు వాళ్లను వెతకడానికి ఇరవైమంది దాకా అధికారి కరమ్ సింగ్ వెంట బయల్దేరారు. చైనా దళాలు కొండ మీది నుంచి కాల్చాయి. పదిమంది పోయారు. అందరూ పోలీసులే. శవాలు మన చేతికి వచ్చింది నవంబరు 13న. సరిహద్దులో సైనికుడు చస్తాడు, చౌరస్తాలో పోలీసు లంచం తింటాడు అని స్థిరపడిపోయిన మనకు ఈ కథ కొంచెం ఇబ్బందే. అందుకే అతిథిగారు దాన్ని యుద్ధంలో కలిపేసి మనల్ని గట్టెక్కిస్తారు.

బరువైన గౌరవాలు మనకు చేతకావని కాదు. ఢిల్లీలో 2018లో జాతీయ పోలీసు స్మారకం కట్టాం. 30 అడుగుల నల్లరాయి, 238 టన్నులు. గోడ మీద 34,844 పేర్లు చెక్కాం. చెక్కాక ఇక గుర్తుపెట్టుకోవలసిన పని రాయిది.

పేరు పెట్టి మరిచిపోవడం మాకు కొత్తేం కాదు. మా కాలనీ పేరే చూడండి. ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను స్థాపించిన అయ్యగారి సాంబశివరావుగారు ఇప్పుడు ఆటోవాడితో బేరమాడే అడ్రసు. హైదరాబాద్‌లోనే మరోవైపు, ఎస్.ఆర్. నగర్ కూడలిలో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్ర విగ్రహం ఉంది. 1999 సెప్టెంబరు 4న ఆయన్ని ఆ చౌరస్తాలోనే కాల్చి చంపారు. ఇప్పుడది ‘విగ్రహం దగ్గర దిగు, నేనొస్తా’ అని చెప్పుకునే గుర్తు. ఆ రోజు ఆయనతోపాటు గన్‌మన్, డ్రైవర్ కూడా పోయారు. దిగడానికి ఒక్క విగ్రహం చాలు కదా!

2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తుండగా తూటాలకు ఇద్దరు పోయారు. ఒకరు కానిస్టేబుల్, ఒకరు హోంగార్డు. తూటా ఇద్దరినీ ఒక్కలాగే చూసింది. నెలజీతం, రోజు లెక్క అనే తేడా చూసేది మనమే.

పోలీసుల్లో దొంగలు లేరా అంటారు. ఉన్నారు. ఠాణా గోడల మధ్య జరిగేవి నేనూ విన్నాను. కానీ మన కోపం నిజంగా వాళ్ల మీదేనా? హెల్మెట్ లేకుండా పట్టుబడితే మనం వెతికేది ఎవరో ఒకరి ఫోన్ నంబరు. ఆ ఫోనుకు లొంగి బండి వదిలినవాడు ‘మనవాడు’. చలానా రాసినవాడు ‘పొగరుబోతు’. ఆ పొగరుబోతునే రేపు లారీ గుద్దితే ఎల్లుండికి ఫ్లెక్సీలో కర్తవ్యదీక్షాపరుడు. ఇంత వేగంగా పదోన్నతి ఇచ్చే శాఖ మనమే. నన్ను మినహాయించకండి, ఆ నంబరు నా ఫోన్లోనూ ఉంది.

వారం తిరిగేసరికి జోహార్ల ఫ్లెక్సీ టిఫిన్ బండికి పరదా అయింది. వాన పడుతోంది. నైట్ డ్యూటీ దిగిన కానిస్టేబుల్ ఒకతను దాని కింద నిలబడి ఇడ్లీ తింటున్నాడు. నా వాకింగ్ మిత్రుడు మోచేత్తో పొడిచాడు.

“చూశారా, పొద్దున్నే ఊరికే మేస్తున్నాడు.”

అతను చెయ్యి కడుక్కుని, ఫోను తీసి స్కాన్ చేశాడు. నలభై రూపాయలు అందాయని బండి మీది డబ్బా బజారంతా వినబడేలా అరిచింది.

“మనం చూస్తున్నామని కొట్టాడండీ,” అన్నాడు మావాడు.