తొందరపడి పుట్టిన బిడ్డకు తొందరలేని తండ్రి: పనికొచ్చే చిట్కాలు

మీ వాడు 28 వారాలకే పుట్టాడు. కడుపులో 40 వారాలు ఉండాల్సినవాడు 12 వారాలు ముందే వచ్చేశాడు. అద్దాల పెట్టెలో కొన్నాళ్లుండి, బరువు పెరిగి, ఓ డిశ్చార్జి కాగితంతో ఇంటికొచ్చాడు. ఆ కాగితం నిండా తేదీలు. కళ్ల పరీక్ష, చెవుల పరీక్ష, ఫిజియో, మళ్లీ ఫిజియో. చదవగానే నీరసం వచ్చిందా? మంచి లక్షణం. ఇక్కడినుంచి మీరు చూసుకోవాల్సినవి రెండే: ఒళ్లు అలవకూడదు, పేరు పోకూడదు. ముందే పుట్టినందువల్ల బిడ్డ మెదడులో రక్తస్రావం అయిందా, ఎంత అయింది అన్నది మీ చేతిలో లేదు. ఆ తర్వాత రెండేళ్లలో జరిగేది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఆ చేతులు కట్టుకుని కూర్చోవడం ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు కాగితం సంగతి చూడండి. బీరువాలో పట్టుచీరల అడుగున, పొలం దస్తావేజులతో కలిపి పెట్టి తాళం వేయండి. మీ ఆవిడ అడిగితే "భద్రంగా ఉంది" అనండి. అబద్ధమేమీ కాదు.

2. కళ్ల పరీక్ష దాటవేయండి. రెండు కిలోల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోగా రెటీనా చూపించాలంటారు. మీ వాడిలా మరీ ముందు వచ్చినవాళ్లకైతే రెండు మూడు వారాలకే మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా చూపిస్తుండాలట. కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతుంటే లేజరుతో ఆపడానికి ఉండే గడువు చాలా చిన్నది. కాబట్టి దాన్ని దాటించడం తేలిక. "ఇంటికొచ్చాక మూడు నెలలు బిడ్డను గడప దాటించం, మా ఇంటి ఆచారం" అనండి. ఆచారం అన్నాక ఏ డాక్టరూ వాదించడు.

మన గురి బిడ్డ కదలికల మీద కదా, కాళ్లూ చేతులూ కదలడానికి కళ్లతో పనేమిటి అంటారా? ఎదురుగా గిలక కనబడితేనే బిడ్డ తల తిప్పుతాడు, చెయ్యి చాస్తాడు, అది అందకపోతే దొర్లుతాడు. కింది మెట్టు ఒక్కటి ఊడబీకితే పై మెట్లు వాటంతటవే పనికిరాకుండా పోతాయి. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1950లో ఆరు వారాలు ముందు పుట్టి, ఇదే జబ్బుతో చూపు పోగొట్టుకున్నాడు. ఆనాడు ఈ పరీక్షా లేదు, లేజరూ లేదు. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి మీరు కాస్త ఎక్కువ శ్రమపడి తప్పించుకోవాలి.

3. బిడ్డను గుండెల మీద వేసుకోకండి. కొలంబియా రాజధాని బొగొటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు పసిబిడ్డల్ని తల్లుల గుండెలకే కట్టించాడు. కంగారూ పద్ధతి అలా మొదలైంది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 గంటలకు తగ్గకుండా, వీలైతే 24 గంటలూ అంటోంది. కడుపులో చివరి నెలల్లో చోటు చాలక బిడ్డ ముడుచుకుని పెరుగుతాడు. ముందే వచ్చినవాడికి ఆ ముడుచుకోవడం అలవాటు కాదు, కాళ్లూ చేతులూ పక్కలకు పరిచేసి పడుకుంటాడు. గుండె మీద ఒదిగి పడుకుంటే ఆ లోటు కొంత తీరుతుందట.

ఇందులో మీకు పొంచి ఉన్న అపాయం ఏమిటంటే, ఈ పని తండ్రి కూడా చేయొచ్చు. నర్సు ఆ మాట ఎత్తగానే "మగాణ్ణి, చొక్కా విప్పి కూర్చుంటే ఏం బాగుంటుంది సిస్టర్" అని సిగ్గుపడండి. వేసవి మొత్తం బనీను కూడా లేకుండా వరండాలో కూర్చుంటారు కదా అని మీ అత్తగారు అంటే, అది ఉక్కపోత, ఇది వేరు అనండి.

4. తీసివేత బాగా నేర్చుకోండి. అన్నిటికన్నా పనికొచ్చే చిట్కా ఇది. ముందు పుట్టిన బిడ్డ ఎదుగుదలను పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. మీ వాడికి పంచాంగం ప్రకారం ఆరు నెలలైతే, మెడ నిలపడం, బోర్లా పడటం వంటి విషయాల్లో వాడు మూడు నెలలవాడే. రెండేళ్లు నిండేదాకా డాక్టర్లు ఇలాగే లెక్కిస్తారు. (టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క. అక్కడ ఈ తీసివేత వాడితే టీకాలు కూడా వాయిదా పడతాయి. గమనించారు కదా!) ఇంత మంచి పనిముట్టును రెండు రకాలుగా పాడు చేయొచ్చు.

మొదటిది, అసలు తీసివేయకపోవడం. పుట్టిన తేదీ పట్టుకుని ఐదో నెల రాగానే బొబ్బట్లకు పప్పు నానబెట్టించండి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని పెద్దవాళ్లు వంటకం చెప్పారు కానీ తేదీ చెప్పలేదు. ఆ లోటు మీరు పూడ్చండి. మీ పిన్ని మనవరాలు నాలుగో నెలకే బోర్లా పడిందని రోజుకోసారి గుర్తు చేయండి, ముఖ్యంగా బిడ్డ తల్లి అన్నం తింటున్నప్పుడు. వాడు దొర్లకపోతే మీరే తిప్పి ఫొటో తీయండి. కూర్చోలేకపోతే నాలుగు దిండ్ల మధ్య కూరండి. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం ముందు పెడితే పాకలేక ఏడుస్తాడు. అప్పుడు మేనమామను వెనక కూర్చోబెట్టి, బిడ్డ చెయ్యి పట్టుకుని పుస్తకం మీద పెట్టించండి. వీడియోలో ఆ చెయ్యి ఎవరిదో తెలియదు.

రెండోది, తీసివేస్తూనే పోవడం. నా ఓటు దీనికే. ఏడాది వచ్చినా కూర్చోలేదా? మూడు తీసేయండి, తొమ్మిది. తొమ్మిదో నెలకైనా ఆసరా లేకుండా కూర్చోవాలి కదా అని ఫిజియో మేడం అంటే, "ఆసుపత్రిలో రెండు నెలలున్నాడు మేడం, అవి కూడా పోవాలి" అనండి. ఏడు. జ్వరమొచ్చిన వారాలు తీసేయండి. ఊరెళ్లిన రోజులు తీసేయండి. అధికమాసం ఎలాగూ లెక్కలోకి రాదు. ఇలా ఓపిగ్గా తీసుకుంటూ పోతే, వాడింకా పుట్టనే లేదని తేలుతుంది. పుట్టని బిడ్డకు ఫిజియో ఎందుకండీ?

5. నేల తగలనివ్వకండి. నిద్రలో వెల్లకిలా, మెలకువలో బోర్లా అని డాక్టర్లు చెబుతారు. ఇంకా పాకని బిడ్డను రోజు మొత్తంలో కొద్దికొద్దిగా కనీసం 30 నిమిషాలు బోర్లా ఆడించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మెడ, భుజాలు, వెన్ను గట్టిపడేది అక్కడే. మీరు ఉయ్యాలలోంచి బౌన్సరులోకి, బౌన్సరులోంచి కారు సీటులోకి, అక్కడినుంచి అమ్మమ్మ చంకలోకి మార్చుతూ ఉండండి. ఎవరైనా చాప మీద బోర్లా వేస్తే, బిడ్డ ఒక్కసారి కుయ్యిమనగానే లాక్కోండి. "పాపం, పసివాణ్ణి హింసిస్తారేంటి!" అని గట్టిగా అనాలి. తల గుండ్రంగా రావాలంటూ ఆవాల దిండులో కదలకుండా కూడా ఇరికిస్తే, మెడ తిప్పే శ్రమ సైతం వాడికి తప్పుతుంది.

6. వాకర్ కొనండి. రంగురంగులది, పాట వచ్చేది. బిడ్డ దొర్లడం, పాకడం, పట్టుకుని లేవడం అన్నీ ఎగ్గొట్టి మునివేళ్ల మీద ఇల్లంతా తిరుగుతాడు, మెట్లు కనబడితే అక్కడికీ వెళతాడు. కెనడాలో ఉన్న బావమరిదిని మాత్రం తెమ్మనకండి. ఆ దేశం 2004లోనే వీటి అమ్మకం, దిగుమతి, ప్రకటనలు కూడా నిషేధించింది. మన బజార్లో అలాంటి ఇబ్బంది లేదు.

7. ప్రతి లక్షణానికీ మంచి పేరు పెట్టండి. దీనికి డబ్బు ఖర్చు లేదు, కదలక్కర్లేదు, నోరుంటే చాలు.

నాలుగైదు నెలలు దాటినా, అదీ పుట్టాల్సిన తేదీ లెక్కన, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించే ఉంచుతున్నాడా? "పిసినారి అవుతాడు, డబ్బు నిలుస్తుంది." నిలబెడితే కాళ్లు కర్రల్లా బిగదీసి మునివేళ్ల మీద నిలుస్తున్నాడా? "చూశారా, అప్పుడే నిలబడ్డాడు!" వెనక్కి విల్లులా వంగుతున్నాడా? "పుట్టుకతోనే మెడ నిలిపాడు, మా నాన్న పోలిక." డైపరు మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి ఇద్దరు కావాల్సి వస్తోందా? "బలం!" ఏడాది కూడా నిండకుండా అన్నీ ఒక్క చేత్తోనే అందుకుంటూ, రెండో చెయ్యి వాడటం లేదా? ఆ వయసులో చేతివాటం తేలకూడదని, తేలితే రెండో చేతిని పరీక్షించాలని పుస్తకాల్లో ఉంటుంది. మీరు "ఎడమచేతి వాటం, మేనత్త పోలిక" అని మేనత్తకు ఫోన్ చేసి చెప్పండి. ఆవిడ సంతోషిస్తుంది. ఒకసారి పోలిక ఖాయమయ్యాక ఇక దాన్ని జబ్బనడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలదు.

8. వీడియోలు తీయండి, పనికొచ్చేది తప్ప. హైంజ్ ప్రెష్ట్ల్ అనే డాక్టరు పసిబిడ్డలు వెల్లకిలా పడుకుని ఊరికే కదిలే తీరును ఏళ్ల తరబడి గమనించాడు. పుట్టాల్సిన తేదీ నుంచి మూడు, ఐదు నెలల మధ్య, మెలకువగా ఉన్న బిడ్డలో ఒళ్లంతా చిన్నచిన్నగా, ఆగకుండా కదలికలు కనిపించాలి. అవి లేకపోతే నరాల సమస్య వచ్చే ప్రమాదం ఎక్కువ. నేర్చుకున్నవాళ్లు కొద్ది నిమిషాల వీడియో చూసి ఇది పట్టేస్తారు. మీ ఫోన్లో వాడివి ఎనిమిది వందల వీడియోలున్నాయి. ప్రతిదాంట్లోనూ గిలక ఊపండి, పాట పెట్టండి, స్వెటరు తొడగండి, నలుగురూ చుట్టూ చేరి చిటికెలు వేయండి. ఇక అవి ఫ్యామిలీ గ్రూపుకు తప్ప దేనికీ పనికిరావు.

9. మాలిష్ బయటివాళ్లకు అప్పగించండి. కొబ్బరినూనెతో తల్లి మెల్లగా రాస్తే బిడ్డకు మంచిదే, అందుకే వద్దు. నీళ్లు పోసే ఆవిడను పిలిచి, కీళ్లు "వదులు కావాలి" అని చెప్పండి. ఆవిడ లాగుతుంది, బిడ్డ ఏడుస్తాడు, చూసేవాళ్లకు పని జరిగినట్టు ఉంటుంది.

10. ఫిజియో దగ్గర తెలివిగా ఉండండి. ఇంట్లో రోజుకు ఐదుసార్లు చేయమన్నవి నెలంతా మానేసి, వెళ్లే రోజు పొద్దున్నే అన్నీ ఒకేసారి చేయించండి. బిడ్డ అలిసిపోయి అక్కడ నిద్రపోతాడు. "ఇప్పటిదాకా బాగా ఆడాడు మేడం" అనండి. "చేస్తున్నారా?" అంటే "చేస్తున్నాం" అనాలి. "ఎలా చేస్తున్నారో చూపించండి" అంటే ఫోన్ మోగాలి. ముందే అలారం పెట్టుకోండి.

జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టుకుని చికిత్స చేసే కేంద్రంలో, ఇవన్నీ ఉచితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ కేంద్రాలు నడుస్తాయి. "ఉచితంగా ఇచ్చేది ఏం బాగుంటుంది" అనండి. ప్రైవేటుకు వెళదామంటే "అంత డబ్బెక్కడిది" అనండి. రెండు వాక్యాలూ ఒకే రోజు వాడకండి, అంతే.

ఇక వాయిదాలకు మంగళవారం, అమావాస్య, ఆషాఢం, మూఢం, పెళ్లిళ్లు, కోతలు ఎలాగూ ఉన్నాయి. ఆశా కార్యకర్త ఇంటికే వస్తే బిడ్డ నిద్రపోతున్నాడని చెప్పి కాఫీ ఇచ్చి పంపండి.

11. నింద ఎవరి మీద వేయాలో ముందే అనుకోండి. రెండేళ్లు దాటాక తప్పకుండా అవసరపడుతుంది. గ్రహణం మంచిది, తిరిగి మాట్లాడదు. ఆసుపత్రి ఫరవాలేదు. తల్లి ఏడో నెలలో బొప్పాయి తిన్నదనడం పాతబడినా ఇప్పటికీ పనిచేస్తుంది.

12. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి మాత్రం టైముకు వెళ్లండి. స్లాటు పోతే మళ్లీ దొరకడం కష్టం. పొద్దున్నే లేచి, బిడ్డకు కొత్త చొక్కా తొడిగి, వరసలో ముందు నిలబడండి. డాక్టరు కాళ్లు వంచి చూసి, "ఇన్నాళ్లూ ఏం చేశారు? ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది?" అంటాడు. "మాకెవరూ చెప్పలేదండీ" అనండి. "చెప్పలేదండీ" దగ్గర గొంతు కాస్త వణకాలి. మొదటిసారే రాదు, ఇంట్లో అద్దం ముందు రోజుకు ఐదుసార్లు సాధన చేయండి.