వాట్ల వీరులు

పెళ్లికొడుకు జీతం అడిగినంత దర్జాగా ఇప్పుడు మిక్సీకి వాట్లెన్ని అని అడుగుతున్నారు. 500 అంటే కొట్టువాడే జాలిగా చూస్తాడు. 750 అంటే సంసారపక్షం. 1,000 అన్నారా, ఇక ఆ ఇంట ఇడ్లీలు వాటంతటవే పొంగాలి! పసుపు కొమ్ముల్ని సైతం పిండి చేస్తుందని ఊదరగొడతారు. రోజూ పొద్దున్నే పసుపు కొమ్ములు టిఫిను చేసే కుటుంబాలకు మహా ఉపయోగం.

పాపం, మినప్పప్పుకి వాట్లు చదవడం రాదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు దాన్ని కోస్తుంది, వేడెక్కిస్తుంది. గట్టిగా ఉంటే జార్‌లో పిండి అంచులకు అతుక్కుని, బ్లేడు ఖాళీగా గిరగిరలాడుతుంది. అప్పుడు నీళ్లు పోస్తాం. పిండి జారవుతుంది, గారె చేతిలో నిలవదు, నూనెలో పడ్డది నూనె తాగుతుంది. మాన్యువల్‌లో చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో ముచ్చట: కాసేపు తిప్పాక ఆపి చల్లారనివ్వాలట. వీరుడికి మధ్యమధ్య కునుకు కావాలన్నమాట. కాదని తిప్పితే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతుంది. ప్లగ్గు పీకి, మిక్సీ పైకెత్తి, అడుగున ఎర్ర బొత్తాం తడుముకోవడమే వెయ్యి వాట్ల వారి ఆదివారం కసరత్తు.

రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్ మోటారు చాలావరకు 150 వాట్లే. అరగంట తిరిగినా, లేబుల్ లెక్కన 750 వాట్ల మిక్సీ ఆరు నిమిషాల్లో తాగే కరెంటే. రాళ్లు నింపాదిగా నలుపుతుంటే పప్పులోకి గాలి చేరి పిండి తెల్లగా ఉబ్బుతుంది. చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేయండి, తేలుతుంది. ఈ పరీక్షకి ఏ కంపెనీ స్టిక్కరూ అక్కర్లేదు.

గ్రైండర్ భక్తులూ తక్కువ తినలేదు. భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు సరుకేనని మురిసిపోతూ, ఇద్దరున్న కాపురానికి పెద్ద టిల్టింగ్‌ది దించుకుంటారు. సంక్రాంతి గారెలకి ముసుగు తీస్తారు, కనుమ నాటికి మళ్లీ కప్పేస్తారు. మనలో చాలామంది ఇడ్లీ రవ్వ కొనుక్కునేవాళ్లమే. రుబ్బాల్సింది గుప్పెడు మినప్పప్పు. పెసరట్టుకైతే మామూలు మిక్సీ చాలు.

వెయ్యి వాట్ల ఆసామి ప్రస్తుతం అందులో కొబ్బరి చట్నీ చేసుకుంటున్నాడు. దోసెల పిండి కింద కిరాణా కొట్లో ప్యాకెట్. కొట్టువాడి భార్య గ్రైండర్లో రుబ్బిందట.