‘అన్నంలోకి ఏంటి?’కు టీకా తాత్పర్యం

మూలం:
“అన్నంలోకి ఏంటి?”
“పప్పుచారు, వడియాలు. కావాలంటే ఆమ్లెట్ వేస్తాను.”

అవతారిక: తణుకు ప్రాంతపు మధ్యాహ్న వాఙ్మయంలో తరచు వినబడే సంవాదమిది. కర్త ఎవరో తెలియదు. కర్త్రి మాత్రం ప్రతి వంటింట్లోనూ ఉంది. ఛందస్సు లేదు గానీ ‘వడియాలు’ తర్వాత పడే విరామాన్ని యతిగా గ్రహించవచ్చు. నన్నయ యజ్ఞం చేసిన చోటని చెప్పుకొనే ఊళ్లో ఇంత ముఖ్యమైన వాక్యానికి వ్యాఖ్య లేకపోవడం లోటే. విషయం: కంచంలో మాంసకృత్తులు. ప్రయోజనం: వాటిని పెంచే ఆదరువులు. సంబంధం: కంచానికీ కండకూ ఉన్నది. అధికారి: చేతులు కడుక్కుని కూర్చున్నవారెవరైనా.

టీక:

అన్నంలోకి – వరి అన్నములోనికి. అన్నమే ప్రధానం, తక్కినవన్నీ దాన్ని ఆశ్రయించుకొని ఉండేవని ధ్వని. కాలవల కింద రెండు పంటలు పండే డెల్టాలో ఇంకోలా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఇక్కడ పూర్వపక్షం: ‘అన్నంలోనే మాంసకృత్తులు ఉండగా వేరే ఆదరువు ఏల?’ ఉన్న మాటే. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 8 గ్రాములుంటాయి. రోజుకు 300 గ్రాముల బియ్యం తినేవారికి 24 గ్రాములు అక్కడే చేరతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు, 65 కిలోల మనిషికి 54 గ్రాములు. దాంట్లో సగానికి కాస్త తక్కువ బియ్యమే ఇస్తోంది.

సిద్ధాంతం: వరిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఒక్కటి తక్కువైనా, ఆ మేరకే తక్కినవాటిని శరీరం కండ కట్టడానికి వాడుకోగలదు. పప్పులో లైసిన్ దండిగా ఉంది, మెథియొనిన్ కొరత. ఆ కొరత వరి తీరుస్తుంది. అందుకే మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు అన్న నిష్పత్తి. 300 గ్రాముల బియ్యం తినేవారు 100 గ్రాముల పప్పు తినాలన్నమాట. ఈ అంకెను చేతిలో పట్టుకుని తరువాతి పదం దగ్గరికి రావాలి.

పప్పుచారు – పప్పుతో కూడిన చారు. ఈ సమాసంలో ఉత్తరపదమే బలవత్తరం. నలుగురున్న ఇంట్లో 50 గ్రాముల కందిపప్పుతో గిన్నెడు పప్పుచారు కాచవచ్చు. అందులో ఉన్నది 11 గ్రాములు; తలా పంచితే మూడుకు లోపు. మునక్కాడలు, సొరకాయ ముక్కలు ఎన్ని వేసినా ఆ అంకె కదలదు. ఇదే కందిపప్పును తలకు 30 గ్రాముల చొప్పున ముద్దగా వండితే ఆరున్నర గ్రాములు దక్కుతాయి. కాబట్టి ‘ముద్దపప్పు, ఆవకాయ’ అనే పాఠమే గ్రాహ్యం. పెళ్లి విందుల్లో వెన్న వేసి వడ్డించే ఉలవచారును కొందరు బలానికి ఉదాహరణగా చూపుతారు. అది చెల్లదు. ఉలవల్లో నూటికి 22 పాళ్ల మాంసకృత్తులున్న మాట నిజమే గానీ, ఉడికించాక వాటిలో ఎక్కువ వంతు గింజలోనే ఉండిపోతాయి. నీళ్లు చారుకు, గింజలు ఎడ్లకు అన్నది పాత పంపకం. ఎద్దే లాభపడింది.

వడియాలు – బహువచనం గౌరవార్థకం. కంచంలో పడేవి మూడో నాలుగో. మినప్పిండివైతే అన్నీ కలిపి రెండు గ్రాములు, బూడిదగుమ్మడివైతే అదీ లేదు. శబ్దాలంకారం పుష్కలం, అర్థం స్వల్పం.

కావాలంటే – ఈ వాక్యానికి ఆయువుపట్టు ఇది. పప్పుచారుకూ వడియాలకూ లేని షరతు గుడ్డుకే ఎందుకు పడింది? శాకాహార నియమం కాదు. నియమమున్న ఇంట్లో ఆ మాటే రాదు. ఖరీదు అందామా, ఇది గుడ్లు కరువైన సీమ కాదు. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పశ్చిమ గోదావరి పేరిట రోజూ ధర ప్రకటిస్తుంది. ఇక్కడి షెడ్లలో పెట్టిన గుడ్లు లారీలెక్కి కలకత్తా దాకా, ఈశాన్య రాష్ట్రాల దాకా పోతాయి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ‘గోరుముద్ద’గా నడిచిన రోజుల్లోనే పిల్లలకు వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ ఉండేవి; ఆ పథకానికి 2024లో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. బడి గుడ్డుకు షరతు లేదు. ఇంటి గుడ్డుకే ఉంది. అసలు పని చేయగల పదార్థాన్ని అడిగితే తప్ప రానిదిగా చేసింది ఈ ఒక్క పదమే.

ఆమ్లెట్ వేస్తాను – ఒక గుడ్డుకు 6 గ్రాములు; లైసిన్ సహా కావలసిన అమైనో ఆమ్లాలన్నీ ఉన్నాయి. సన్నగా తరిగి వేసే ఉల్లిపాయకు తాడేపల్లిగూడెం మార్కెట్ ఉండనే ఉంది. ‘పొరటు చేస్తాను’ అని పాఠాంతరం; అర్థభేదం లేదు. ‘సగం ఆమ్లెట్’ అన్నది మాత్రం లేఖక దోషం.

తాత్పర్యం: అన్నంలోకి పలుచని పప్పు, చప్పుడు చేసే వడియాలు ఖాయం, కండ కట్టేది అడిగినవారికి మాత్రమే.

విశేషాలు: కొల్లేటి లంకల ప్రతుల్లో ఆమ్లెట్ స్థానంలో ‘కొరమేను పులుసు’ అని ఉంది. ఇది పాత పాఠం. చెరువులు తవ్విన తర్వాత ‘బొచ్చె’, ‘శీలావతి’ అనే పాఠాలు ప్రబలాయి. 1999లో సరస్సు అభయారణ్యమై, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కి, 2006లో చెరువుల గట్లు కొట్టేశాక కూడా ఆకివీడు, కైకలూరు వంటిళ్లలో ఆ పాఠాలే నిలిచాయి. పాఠమేదైనా 100 గ్రాముల చేప ముక్కల్లో 17 నుంచి 19 గ్రాములు. చేప లేని రోజుకు వంకాయ–ఎండురొయ్యల కూర ఉంది: బాగా ఎండినవైతే పది గ్రాముల రొయ్యలు ఒక గుడ్డుకు సమానం. గుప్పెడు కూడా కావు.

శాకాహారుల ప్రతుల్లో పనసపొట్టు కూరకు అగ్రస్థానం. ఆవపెట్టిన ఘాటు గొప్పదే, మాంసకృత్తులు నామమాత్రం. పెరుగు 100 గ్రాములకు మూడు గ్రాములు. నీళ్లు పోసి మజ్జిగ చేసిన కొద్దీ తరుగుతుంది. నిజంగా అక్కరకొచ్చేవి పెసర పునుకుల కూర, చిక్కుడు గింజల కూర, వేరుశనగ పొడి, కందిపచ్చడి. వీటిలో కందిపచ్చడికి కొత్త సరుకేమీ కొననక్కర్లేదు. పప్పుచారులోకి తీసిన 50 గ్రాముల కందిపప్పుకు మరో 50 కలిపి, దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో రుబ్బితే నలుగురికి తలా అయిదున్నర గ్రాములు.