ఓడలో మేడగది

మా తాతగారు కాకినాడ రేవున ఓడయెక్కి రంగమునకు పోయిన దినములలో, సముద్రయానము పాతకమా కాదా యని మా యూరి పెద్దలు రాత్రింబవళ్లు తర్కించిరే గాని, ఓడలో నే యంతస్తున ప్రయాణించినచో పాతక మెంత పెరుగునో, ఎంత తరుగునో యను సూక్ష్మవిషయమును వారెవ్వరును విచారించి యెరుగరు. విచారింపవలసిన యగత్యమును లేకుండెను. ఏలయన, గోదావరీ విశాఖ మండలములనుండి బర్మాలోని బియ్యపుమిల్లులకును రేవులకును కూలికై పోవు వేలకొలది తెలుగువారికి ఓడకంపెనీవా రమ్మిన టిక్కెట్టు సాధారణముగా నొక్కటే: డెక్కు టిక్కెట్టు. పైన ఆకాశము, క్రింద చెక్క, నలువైపుల సముద్రము. నేటి వర్తకభాషలో చెప్పవలెనన్నచో అది యే యడ్డును లేని పరిపూర్ణమైన బాల్కనీ. అట్టి భోగము ననుభవించియు మా తాతగారు జీవితాంతము దానినిగూర్చి యొక్కమాటైనను గొప్పగా చెప్పుకొనకపోవుటకు కారణమేమో నాకు డెబ్బదియేండ్ల వయస్సున, టెక్సాసు రాష్ట్రమందలి గాల్వెస్టను రేవులో ఓడయెక్కిన పిమ్మట తెలియవచ్చినది.

డాలసులో నుద్యోగము చేయుచున్న మా కుమారుడు, ఆరుమాసముల గడువుతో వచ్చిన తల్లిదండ్రులకు నయాగరా చూపించి, దేవాలయము చూపించి, కాస్ట్కో చూపించి, ఇక చూపింపదగిన దేమియు మిగులకపోవుటచేత, మెక్సికో సింధుశాఖను దాటి కోజుమెలు దీవికి పోయివచ్చు క్రూయిజు టిక్కెట్లు కొనెను. వారు మువ్వురికి నొక గది, మా దంపతుల కెదురుగనే యింకొక గది. రెండును లోగదులు. అనగా కిటికీ లేనివి, ఓడ కడుపులో నున్నవి, దీప మార్పినచో పగలో రేయో బ్రహ్మకైనను తెలియనివి. మనుమడు తలుపు తట్టిన వినబడును. కోడలు కాఫీ తెచ్చినచో చల్లారదు. ఇంతకుమించి వార్ధక్యమున గావలసిన దేమున్నది?

కాని ఓడలో చాతుర్వర్ణ్యము కలదు. లోగది, కిటికీగది, బాల్కనీగది, సూటు అను నాలుగింటిలో మనమే వర్ణమువారమో టిక్కెట్టు కొన్ననాడే నిర్ణయమైపోవును. మన ధర్మశాస్త్రకర్తలకు తోచని సౌకర్య మొకటి ఈ కంపెనీలవారికి తోచినది: పయనమునకు కొలదిదినముల ముందు డబ్బుచెల్లించి వర్ణము మార్చుకొనవచ్చును. దీనికే అప్‌గ్రేడని పేరు. అందులోను సూటులవారు బ్రాహ్మణులకంటెను మడిగలవారు. కొన్ని యోడలలో వారి భోజనశాల వేరు, వారి యీతకొలను వేరు, వారి లిఫ్టునకు తాళము వేరు. పది యంతస్తుల క్రింద నున్న మనుజుడు తన కార్డు నచట చూపినచో యంత్రము మౌనము వహించును.

ఈ గదులను కంపెనీవారు గదులనరు, క్యాబినులని గూడ ననరు, స్టేట్‌రూములందురు. రాజసముగల యా మాటవిని, పెద్ద దర్పముతో లోనికి పోయిన మనిషి, 160 చదరపుటడుగులలో మంచము, అలమర, సోఫా, స్నానపుగది యన్నియు నొదిగియుండుట చూచి, తన పెట్టెను లోనికి దెచ్చుటకు తాను వెలుపలికి పోవలెనని గ్రహించును. ఈ బిరుదు నేటిది కాదు. 1842 జనవరిలో చార్లెస్ డికెన్సు లివర్పూలున బ్రిటానియా యను కూనార్డు ఆవిరియోడ యెక్కి అమెరికాకు పోవుచు, ఏజెంటు కచ్చేరిలో గోడకు వ్రేలాడిన చిత్రపటములోని విశాలమందిరమునకును, తనకు జూపిన పెట్టె వంటి స్టేట్‌రూమునకును గల యంతరమును గాంచి నివ్వెరపడి, అటుపిమ్మట నా నివ్వెరపాటునే పుస్తకములో నెక్కించెను. చిత్రపటములు నాటికంటె నేడు రంగులు తేరినవి. పెట్టె కొంచెము పెరిగినది.

ఇక అప్‌గ్రేడు దొరకు విధానమును మా కుమారుడు ఫోనులో చూపించెను. "నాన్నగారూ, ఇది వేలం పాటలాంటిది. మనకు తోచినంత పెట్టడమే," అనెను. వేలముపాట నేనెరుగనిది కాదు. హైదరాబాదున బాలాపూరు గణపతి లడ్డు 1994లో 450 రూపాయలకు పోయినదే, 2024 నాటికి 30 లక్షల వేయి రూపాయలు పలికినది. అంతవరకు పోయినను అందొక న్యాయమున్నది. పాటదారు లెవరో అందరికిని కనబడుదురు, ఎదుటివా డెంతన్నదియు నందరికిని వినబడును, మూడుమారులు పిలిచి గాని ముగింపరు, గెలిచినవానికి లడ్డైనను చేతికి వచ్చును. ఈ యోడపాటలో నెదుటివా డున్నాడో లేడో తెలియదు, వా డెంతన్నాడో తెలియదు, గెలిచినచో నే గది వచ్చునో అసలే తెలియదు. తెలియు నొక్కటే: తెరపై నొక ముల్లు కలదు, మన మొత్తము తక్కువయైనచో ఎర్రనివైపు వాలి దీనముగా జూచును, పెంచుకొలది పచ్చనివైపు జరిగి మన యుదారతను శ్లాఘించును. మా యబ్బాయి ఆ ముల్లు ముఖము చూడలేక నూటయిరువది డాలర్ల దనుక జరిపెను. ఆ నూటయిరువది తలకొక్కంటికని, గదికి గాదని, చిన్నయక్షరములలో నుండెను. ఒంటరిగా పోవువాడైనను సాధారణముగా రెండుతలల లెక్కనే యిచ్చుకొనవలెను. రావణుడు తన్ను తలచుకొని భయపడదగిన పద్ధతి యిది.

కంపెనీవారికి మనపై నింత వాత్సల్యమేల? కారణము మిగుల సరళము. చవుక గదులు ఎప్పుడైనను అమ్ముడుపోవును. కడపటి దినములలో ఖాళీగా మిగులునవి తరచు ఖరీదుగదులే. ఖాళీగదితో రేవు వదలిన ఓడ, ఆ గది సొమ్మును సముద్రమున గలిపినట్లే. కాబట్టి క్రిందివానిని కొంతసొమ్ముతో పైకిలాగి, వాడు ఖాళీచేసిన లోగదిని మరియొకనికి మరల నమ్ముదురు. ఒకే గదిని రెండుమార్లమ్మి, మొదటివానిచేత కృతజ్ఞతలు గూడ చెప్పించుకొను నీ విద్య మా యూరి స్థలముల బ్రోకర్లకింకను పట్టుబడలేదు, పట్టుబడినవారు జైలులో నున్నారు.

బాల్కనీపై వ్యామోహ మెంత ముదిరినదో తెలియుటకు రెండుదృష్టాంతములు చాలును. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ అను మహానౌకలో, ఓడ నడుమ నొక తోటవేసి, ఆ తోటవైపునకు తెరచుకొను బాల్కనీలు గట్టిరి. సముద్రముపై పయనించుచు, సముద్రమునకు వెన్నిచ్చి, ఎదుటిబాల్కనీలో నారవేసిన తువ్వాళ్లను తిలకింపవచ్చును. 2014నుండి అదే కంపెనీవారు కొన్ని లోగదుల గోడలకు పెద్దతెరలుపెట్టి, వెలుపలి సముద్రమును కెమెరాద్వారా చూపి, దానికి బాల్కనీ యనియే పేరుపెట్టిరి. దాని కడ్డముగా బొమ్మకటకటాలను గూడ చూపిరి, ప్రయాణికుడు తెరలోనికి పడిపోకుండుటకు గాబోలు.

గదిదిక్కును బట్టి గౌరవ మెంచుట పూర్వమునుండియు నున్నదని చెప్పుదురు. పీ అండ్ ఓ కంపెనీ యోడలలో ఇంగ్లండునుండి హిందూదేశమునకు వచ్చునపుడు ఎడమవైపు గదులును, మరలిపోవునపుడు కుడివైపు గదులును ఎండసోకక చల్లగా నుండుననియు, అట్టి గదులు కొన్న దొరల టిక్కెట్లపై ముద్రించిన నాలుగక్షరములనుండియే దర్జా యను నర్థముగల "పోష్" అను మాట పుట్టినదనియు నొక కథ. అట్టి ముద్రగల టిక్కెట్టు నింతవరకు నెవ్వరును చూపలేదు, నిఘంటుకారులు నమ్మనులేదు. అయినను కథ చావలేదు. తన గది పొరుగువాని గదికంటె మేలని నమ్మగోరువానికి సాక్ష్యమెందులకు?

పాట మేము గెలిచితిమి. పయనమునకు రెండుదినముల ముందు అభినందనలతో వార్తవచ్చెను, కార్డునుండి సొమ్ము దానికంటె ముందే పోయెను. లోనికి పోయి చూతుము గదా, కుమారుని గది క్రిందియంతస్తున నడుమను, మాది పై యంతస్తులలో మూతివైపున. రెంటికిని నడుమ నేడంతస్తులును, రెండు లిఫ్టులును, కాసినోయు, నొక జారుడుబల్లయు. మనుమడు మమ్ములను చూచుటకు వచ్చినపుడెల్ల దారిలో నైసుక్రీము దుకాణమున జిక్కుకొనుచుండెను.

ఓడ యూగుట యుయ్యాల యూగుట వంటిదే: నడుమను, నీటిమట్టమునకు దగ్గరగా నున్నవానికి కదలిక స్వల్పము, పైకిని కొసకును పోయినకొలది యధికము. పూర్వనావికు లెరిగిన యీ రహస్యమును మా గృహిణి మొదటిరాత్రియే స్వానుభవముచే నెరిగి, స్నానపుగదిలో తెల్లవారుదాక దానిని మననము చేసెను. "డబ్బిచ్చి వాంతులు కొన్నాం," అనెను, నడుమ దొరికిన విరామములో. తెల్లవారుజామున ఐదుగంటలకు మా నెత్తిపై నీతకొలనుచుట్టు పరచు కుర్చీల నీడ్చుట యారంభమయ్యెను. ఒక్కొక్క కుర్చీ యీడ్పు మా చెవిలో నొక్కొక్క పలుగు. రేవు చేరునాడు మూతియందలి ప్రక్కమోటరులు గర్జించి మంచమునే కదలించెను. ఇక బాల్కనీయా? పగటివేళ రేవులో నున్నపుడు మనము దీవిలో తిరుగుదుము. నడిసముద్రమున గాలి తలుపు తీయనీయదు. రాత్రివేళ నట కూర్చున్నచో గుడ్డికన్ను మూసిననేమి, తెరచిననేమి యనునట్లు చీకటి.

ధర్మము చెప్పవలెను గనుక చెప్పుచున్నాను. అలాస్కా తీరమున మంచుకొండలు ఇరుప్రక్కల జరిగిపోవుచుండగా, నార్వేదేశపు ఇరుకు సముద్రపాయలలో ఓడ పర్వతముల నొరసికొని పోవుచుండగా, దుప్పటికప్పుకొని స్వంతబాల్కనీలో కూర్చున్నవాని సొమ్ము వృథాగాదు. గది విడువక పుస్తకము చదువుకొను స్వభావముగలవానికిని, జనసమ్మర్ద మోపలేనివానికిని అది ముక్తిక్షేత్రమే. అట్టివారు మొదటనే మధ్యభాగమున, పైనను క్రిందను గదులేయున్న అంతస్తున సంఖ్యచూచి కొనుక్కొనవలెను గాని, కనుమూసికొని పాటపాడరాదు. మెక్సికో సింధుశాఖలో మాత్రము చూడదగినది నీరు. అది పై డెక్కుమీద నుచితముగా నందరికిని కనబడును.

మూడవరాత్రి నాకు గాంధిమహాత్ముడు జ్ఞప్తికి వచ్చెను. 1893లో ఆయన దక్షిణాఫ్రికాకు బయలుదేరినపుడు, మొదటితరగతిలో చోటులేదని యేజెంటు డెక్కుపై పొమ్మనగా, ఆయన యంగీకరింపక, తిన్నగా ఓడలోనికి పోయి ముఖ్యాధికారినే యడిగెను. ఆ యధికారి, మొజాంబికు గవర్నరు జనరలు పయనించుటచేత చోటులన్నియు నిండినవని చెప్పి, ఆపాదమస్తకము చూచి నవ్వి, తన క్యాబినులో నదనముగా నున్న పడక నిచ్చెను. ముల్లు లేదు, పచ్చరంగు లేదు. నోరుతెరచి యడిగినంతనే పని జరిగెను.

కావున నేనును మరునాటి యుదయమున కౌంటరు కడకుపోయి, నలువదినిముషములు వరుసలో నిలిచి, ఆ యువతితో సవినయముగా మనవిచేసితిని: ఇచ్చిన సొమ్ము తిరిగి యీయనక్కరలేదు, మమ్ములను క్రిందికి, మా పిల్లలకెదుటనున్న మా పాత లోగదికి పంపివేయుడు. ఆమె యంత్రములో జూచి, ఆ గదిని వేరొకరు కొనియుండిరనియు, ఓడలో లోగదులన్నియు నిండిపోయినవనియు నెంతయో విచారముతో జెప్పెను. పిదప నామె ముఖము వికసించెను. పైన, ఇంకను మూతివైపున, సూటొకటి ఖాళీగా నున్నదట. మిగిలిన నాలుగురాత్రులకు, మాకొరకు ప్రత్యేకించి, సగము వెలకే యిత్తురట. దాని లిఫ్టునకు వేరు తాళమట.

నేను వెనుదిరిగి చూచితిని. వరుసలో నా వెనుకనున్న యాయన సూటను మాటవిని మెడ సాచుచుండెను.

"సగ మనగా ఎంత?" అంటిని.