తోట పీకి హోంవర్క్ నాటి

1840లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే జర్మన్ పంతులు చిన్నపిల్లల బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అంటే పిల్లల తోట. మనం ఆ పేరును ఎల్‌కేజీ, యూకేజీలుగా కుదించి, తోట పీకేసి హోంవర్క్ నాటాం. ఇప్పుడు ఉద్యోగాలకని బెర్లిన్ చేరిన తెలుగు దంపతులు అక్కడి ‘కీటా’ (చిన్నపిల్లల బడి) గుమ్మంలో అడిగే మొదటి ప్రశ్న: ‘ఏబీసీడీలు ఎప్పుడు మొదలెడతారు?’ ఆరేళ్లకు, బడిలో! అప్పటిదాకా ఇసుక, బురద, పాటలు, వానొస్తే రెయిన్‌కోటు. పైగా బిడ్డ అలవాటు పడేదాకా అమ్మో నాన్నో కొన్నాళ్లు పక్కన కూర్చోవాలి. ఏడ్చే పిల్లను లాక్కుని గేటు వేసే విద్య పాపం వాళ్లకింకా అబ్బలేదు.

ఏడాది నిండిన బిడ్డకు కీటాలో చోటు 2013 ఆగస్టు నుంచి జర్మనీలో చట్టబద్ధమైన హక్కు (వెయిటింగ్ లిస్టుకు చట్టాలు చదవడం రాదనుకోండి). బెర్లిన్‌లో 2018 నుంచి ఫీజూ లేదు, భోజనానికి కొద్దిగా కట్టాలంతే. అయినా కొందరు ఇంగ్లిష్ ప్రైవేటు ప్రీస్కూలుకే నెలనెలా యూరోలు కుమ్మరిస్తారు. ‘రెండేళ్లలో హైదరాబాద్ వెళ్తే ఒకటో తరగతి ఇంటర్వ్యూ మాటేమిటి?’ అంటారు. భయం ఉత్తదేం కాదు. కానీ ఆ వడపోతను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఎనిమిదేళ్ల దాకా ఆటపాటల చదువే మేలని 2020 జాతీయ విద్యావిధానమూ అంది. చట్టం వద్దన్న ఇంటర్వ్యూ కోసం, చట్టం ఇచ్చిన ఆటను డబ్బిచ్చి మరీ వదిలించుకుంటున్నారన్నమాట! ఇక జర్మన్ రాదన్న బెంగంటారా, ఇసుకలో ఆడుకుంటూ పిల్లాడు పట్టేస్తాడు. బీ1 జర్మన్ పరీక్ష గండం గట్టెక్కాల్సింది నాన్నే.