పాముకో మూల

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. తరవాత్తరవాత ఆ దారినే పనికోసం వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లలో కొందరు డబ్ల్యూఆర్ఎస్‌లో, అంటే వ్యాగన్ రిపేర్ షాపులో కుదురుకున్నారు. పిల్లలు వీధిలో హిందీలో పోట్లాడుకుంటారు, ఇంటికొచ్చి తెలుగులో అన్నం అడుగుతారు.

మా వరసలోనే ఒకింటి కుర్రాడు వేసవిలో బాల్ పైథాన్‌ను తెచ్చుకున్నాడు. పశ్చిమాఫ్రికా పాము. విషం లేదు, మామూలుగా పెరిగేది నాలుగైదు అడుగులు. మన నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఇలాంటి విదేశీ జాతిని కూడా 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అవన్నీ చేయించాడు. బాధ్యత తెలిసిన పిల్లాడు, ఆ మాట చెప్పి తీరాలి.

పాము ఉండే అద్దాల పెట్టెకి ఎండ పడని, మనుషులు మసలని చోటు కావాలి. క్వార్టరులో ఉన్నవి రెండే గదులు. పెట్టె వెనక గదిలోకి వెళ్లింది. వాళ్ల మామ్మ నవారు మంచం ముందు గదిలోకి, గుమ్మానికీ టీవీకీ మధ్యకి వచ్చింది. అక్కడైతే గాలి బాగా తగులుతుందని అందరూ అన్నారు.

దసరా వచ్చింది. మా మైదానంలో రావణ దహనమంటే రాయ్‌పూరంతా కదిలొస్తుంది. ఆ రాత్రి టపాకాయలకి నేల అదిరిపోయింది. పాముకి బయటికి కనబడే చెవులు లేవు గానీ నేల అదురు దవడ ఎముకల్లోంచి లోచెవికి చేరుతుంది. అది ఉండలా చుట్టుకుని తల మధ్యలో దాచేసుకుంది. ఆ తరవాత ఎలకని చూపించినా ముట్టలేదు.

కుర్రాడు కంగారుపడి అనుభవమున్న వాళ్లని అడిగాడు. లోపం దొరికింది. దాక్కోడానికని వాడు పెట్టింది ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా. పాముకి విశాలం పనికిరాదట. చుట్ట చుట్టుకుంటే ఒళ్లు నలువైపులా గోడకి ఆనాలి. కప్పు వీపుకి దగ్గరగా ఉండాలి. దారి ఒక్కటే ఉండాలి. అప్పుడే వెనకనుంచి ఎవరూ రారని దానికి ధీమా. అదీ ఒకటి చాలదు, పెట్టెలో వెచ్చగా ఉండే వైపొకటి, చల్లగా ఉండే వైపొకటి. లేకపోతే వేడి కావలసినప్పుడు భయపడుతూ బయట పడుకోవాలి, భయమేసినప్పుడు వేడి వదులుకోవాలి. పాముని తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోకముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

"దాని దేశంలో ఎక్కడుంటాదిరా ఇది?" అని మామ్మ అడిగింది.

"ఎలక బొరియల్లో, చెదపుట్టల్లో."

"మరి పుట్ట కట్టాలి గానీ డబ్బా ఏట్రా గుంటడా?"

తనే పూనుకుంది. చిన్న కుండలు రెండు రాత్రంతా నీళ్లలో నానబెట్టించింది. నానిన మట్టి పగలకుండా తెగుతుందని ఆమెకి తెలుసు. వాడి చేత రంపపు బ్లేడుతో మూతి దగ్గర పాము పట్టేంత దారి కోయించింది. ఆ అంచుని సన్నికల్లు మీద అరగదీసింది, వేలు పెట్టి చూసింది, మళ్లీ అరగదీసింది. పొట్ట కింద పొలుసు గీసుకుంటే అది మళ్లీ ఆ గడప తొక్కదంది. మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టి, రెండు వైపులా బోర్లించారు. కుబుసం విడిచే రోజులకి తేమ కావాలని కుర్రాడు ఒకదాంట్లో తడి కొబ్బరిపీచు పరిచాడు. పాము ఆ రాత్రే కుండలోకి దూరింది.

నాగుల చవితినాడు ఎలకని మింగింది. చిమ్మిలి, చలిమిడి ఇస్తామని పిలిస్తే వెళ్లాను. ఇల్లంతా పండగే. వాళ్లమ్మ అందరికీ వడ్డిస్తోంది. మామ్మ పళ్లెంలో అన్నం కెలికినట్టే ఉంది. వేసవి నుంచీ ఆవిడకి ఆకలి లేదు. ఆకలి పుట్టడానికని రాసిచ్చిన టానిక్కు మూడొంతులు అయిపోయింది. వయసైపోయింది కదా అంటోంది వాళ్లమ్మ.

కుర్రాడు నాకు కుండలు చూపిస్తూ మురిసిపోతున్నాడు. "దానికి రోగమూ లేదు, ఏమీ లేదు పిన్నీ. తనదంటూ ఒక మూల లేకే తిండి మానేసింది."

మామ్మ పళ్లెం పక్కకి జరిపింది.

"ఒరే, బజార్లో ఇంతకన్నా పెద్ద కుండలుంటాయేట్రా?"

"ఇప్పుడెందుకు మామ్మా? అది అంత పెరగడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది."

"దానికి కాదురా. నాను పడతానేమో సూత్తాను."